ఇంటికీ బడికీ మధ్య హైవే ఉండకూడదు

గత ఏడాది వేసవిలో నాకు హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి బదిలీ అయింది. బ్రాంచి ద్వారకానగర్‌లో. బ్యాంకు ఉద్యోగంలో బదిలీలు మామూలే కానీ ఈసారి ఇంట్లో ఎనిమిదో తరగతికి వెళ్లే పాప, రెండో తరగతి బాబు, మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య ఉన్నారు. అప్పటి నుంచీ ఎవరికి ఇటు బదిలీ అయినా నాకు ఫోన్ చేసి, "పిల్లలతో ఉండటానికి వైజాగ్‌లో ఏ ఏరియా మంచిది?" అని అడుగుతున్నారు. ఫోన్‌లో ముక్కలుగా చెబుతున్నదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఏరియా కంటే ముందు మా ఇంట్లో పెద్ద చర్చ వేరే దాని మీద జరిగింది. పాప టెన్త్ అయ్యేదాకా తనూ పిల్లలూ హైదరాబాద్‌లోనే ఉంటారని, నేనొక్కదాన్నే వెళ్లి వస్తుంటే సరిపోతుందని మా ఆయన అన్నారు. ఆయనది ఇంటి నుంచి చేసే పని, కాబట్టి కుదరని మాటేమీ కాదు. అయితే లోకల్ కోటా సంగతి కూర్చుని చదివాక ఇద్దరం మనసు మార్చుకున్నాం. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులతో మొదలైన పద్ధతి ఇది. లోకల్ కావాలంటే ఇంటర్ పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా 4 ఏళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా సాగిన పదేళ్ల అడ్మిషన్ల గడువు కూడా 2024 జూన్‌తో ముగిసింది. టెన్త్ అయ్యాక తీసుకొస్తే పాప లెక్క రెండు చోట్లా తెగిపోతుంది. పిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్నవాళ్లు ఇల్లు వెతకడం కంటే ముందు దీని మీద ఒక నిర్ణయానికి రావాలి.

ఇక ఊరు. హైదరాబాద్ అన్ని వైపులకీ పరుచుకుంది, ఒక రోడ్డు ఆగితే ఇంకో సందు దొరుకుతుంది. విశాఖ అలా కాదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. మధ్యలో మిగిలిన నేల మీద ఊరు పొడవుగా సాగింది. కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ... అన్నీ 16వ నంబరు జాతీయ రహదారికి గుచ్చినట్టే ఉంటాయి. లారీలు, కంపెనీ బస్సులు, కాలేజీ బస్సులు, స్కూల్ ఆటోలు అన్నీ ఆ రోడ్డు మీదే. అందుకే మేము మంచి స్కూల్ ఏది అన్న ప్రశ్నతో పాటు ఇంకో ప్రశ్న పక్కన పెట్టుకున్నాం: ఆ స్కూల్‌కి పాప తనంతట తను వెళ్లి రాగలదా? ఇల్లు, బడి, ఆటస్థలం, కూరగాయలు హైవేకి ఒకే వైపున ఉన్న చోటు కావాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

బ్రాంచిలో ఎక్కువమంది మధురవాడ వైపు చూడమన్నారు. చూశాం. కొత్త అపార్ట్‌మెంట్లు, విశాలమైన గదులు, లిఫ్టులు, పెద్ద గ్రౌండ్లున్న స్కూళ్లు. ఐటీ సెజ్, క్రికెట్ స్టేడియం, జూ పార్కు అన్నీ ఆ దరిదాపుల్లోనే. ఋషికొండ ఐటీ హిల్స్‌లో పని చేసేవాళ్లకి అంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. మా కొలీగ్ ఒకావిడ పీఎం పాలెంలో ఉంటారు. పిల్లల బడి కాలనీలోనే కాబట్టి వాళ్లకి హాయిగా ఉంది. కానీ నేను రోజూ ద్వారకానగర్ రావాలి. రాత్రి ఎనిమిదింటికి హనుమంతవాక దగ్గర ఇరుక్కుని, ఇంట్లో పిల్లల హోంవర్క్ గురించి ఆలోచిస్తూ కూర్చోవడం నాకు వద్దనిపించింది.

గాజువాక వైపు ఉద్యోగమైతే అటే ఉండటం మంచిది. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో చెట్లు, గ్రౌండ్లు, ఢిల్లీ పబ్లిక్ స్కూల్, డీపాల్ లాంటి పేరున్న బడులు ఉన్నాయి. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి పిల్లల్ని పంపడం మాత్రం నాకు సమ్మతం కాదు.

సీతమ్మధార మాకు బాగా నచ్చింది. పాత ఇళ్లు, రైతు బజారు, ద్వారకానగర్‌కి దగ్గర, పౌర గ్రంథాలయానికి కూడా దగ్గరే. మేము వెతికిన సమయానికి మా బడ్జెట్‌లో లిఫ్టు ఉన్న ఇల్లు అక్కడ దొరకలేదు. అత్తయ్య మెట్లెక్కలేరు.

చివరికి ఎంవీపీ కాలనీలో దిగాం. సెక్టార్లుగా వేసిన లేఅవుట్ కాబట్టి లోపలి వీధులు తిన్నగా ఉంటాయి, పెద్ద వాహనాలు తక్కువ. కాలనీ హైవేకి సముద్రం వైపున ఉంది. ఆఫీసుకి పెదవాల్తేరు, సిరిపురం మీదుగా వెళ్లిపోతాను, హైవే ఎక్కను. రైతు బజారుకి అత్తయ్య నెమ్మదిగా నడిచి వెళ్లి వస్తారు. ఇదే అద్దెకి మధురవాడలో మూడు బెడ్‌రూములు వచ్చేవి, ఇక్కడ రెండు. హాల్లో ఒక మూల పుస్తకాల అల్మరా అడ్డం పెట్టి పాప చదువుకోడానికి చోటు చేశాం. ఆ గది పోయినందుకు మాకేమీ బాధ లేదు. పాప సైకిల్ మీద బడికి వెళ్తుంది.

ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం వెళ్తే ఏమీ తెలియదు. ఉదయం ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఇంకోసారి వెళ్లి ఆ వీధిలో నిలబడాలి. మేమున్న వీధి చివర చిన్న కిరాణా కొట్టు ఉంది. టు-లెట్ బోర్డు చూస్తున్న నన్ను ఆ కొట్టు నడిపే ఆవిడే పలకరించారు. "ఏటమ్మా, ఇల్లు కోసమా? పిల్లలున్నారా? ఈ వీధిలో గుంటలు సాయంత్రం ఆటలకి దిగితే మరి ఇంటికెళ్లరు. పిలిచి పిలిచి తల్లులకి గొంతు పోతాది" అన్నారు. గుంటలంటే ఇక్కడి మాటలో పిల్లలు. ఇల్లు లోపల చూడకముందే నాకు ఆ వీధి మీద మనసు పడింది. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారంటే వాళ్లని చూసే పెద్దవాళ్లు కూడా అక్కడ ఉన్నారని అర్థం.

స్కూళ్ల దగ్గర మేము పట్టుబట్టి అడిగినవి కొన్ని ఉన్నాయి. "సీబీఎస్‌ఈ సిలబస్" అని బోర్డు పెట్టడం వేరు, సీబీఎస్‌ఈ అనుబంధం ఉండటం వేరు. బోర్డు వారి సరస్ వెబ్‌సైట్‌లో స్కూల్ పేరు కొడితే అనుబంధం ఉందో లేదో, పదో తరగతి దాకానా పన్నెండు దాకానా అన్నది కనిపిస్తుంది. తొమ్మిదో తరగతిలోనే పిల్లల పేర్లు బోర్డులో నమోదవుతాయి కాబట్టి ఎనిమిదిలో చేర్చేటప్పుడే ఇది తేల్చుకోవాలి. ఒకచోట బాబుకి "చిన్న టెస్ట్ పెడతాం" అన్నారు. విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ వయసు పిల్లలకి చేర్చుకోడానికి పరీక్ష పెట్టకూడదు, క్యాపిటేషన్ ఫీజు (డొనేషన్) తీసుకోకూడదు. ఆ మాటే నెమ్మదిగా చెప్పి లేచి వచ్చేశాం. ఇంకోచోట గదులన్నీ ఏసీ, గ్రౌండ్ లేదు. ఆటల పీరియడ్‌లో పిల్లల్ని మేడ మీదకి తీసుకెళ్తారట. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ సాయంత్రం దాకా కూర్చోబెట్టేవి కూడా చూశాం. పాపకి చదువంటే ఇష్టం. ఆ ఇష్టం పదో తరగతికల్లా ఆరిపోకూడదన్నదే నా కోరిక.

మేము ఎంచుకున్న బడికి ర్యాంకుల ఫ్లెక్సీలు పెద్దగా లేవు. ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారు చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నారు. నేను ప్రతి చోటా అడిగిన మొదటి ప్రశ్న అదే: ఈ టీచర్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నారు? ఏటా టీచర్లు మారిపోయే బడిలో ఎంత మంచి భవనం ఉన్నా పిల్లలకి ఒరిగేదేమీ లేదు. కేంద్రీయ విద్యాలయానికి కూడా దరఖాస్తు పెట్టాం. బదిలీ ఉద్యోగులకి అక్కడ ప్రాధాన్యం ఉంది కానీ పై తరగతుల్లో ఖాళీ ఉంటేనే సీటు.

ఇంకో మంచి విషయం చెప్పాలి. ఇది నేవీ, రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్ ఊరు. బదిలీల మీద వచ్చిన పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. కొత్తగా వచ్చిందని పాపని ఎవరూ వింతగా చూడలేదు. మొదటి వారంలోనే కొచ్చి నుంచి వచ్చిన అమ్మాయి స్నేహితురాలైంది.

ఇల్లు ఖాయం చేసే ముందు ఇక్కడి నేల, గాలి, నీళ్ల గురించి కూడా అడగండి. బీచ్‌కి మరీ దగ్గరైతే ఉప్పుగాలికి గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి, బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ ఇంటి కిటికీలు ఏమయ్యాయో పాత వాళ్లని అడిగితే చెబుతారు. పోర్టు పక్క పేటల్లో మేడ మీద వేలు రాసి చూడండి, బొగ్గు ధూళి తెలుస్తుంది. గెడ్డ (వాన నీళ్లు పారే వాగు) పక్కన, కొండ వాలుకి ఆనుకుని ఉన్న ఇళ్లని వానాకాలంలో చూడకుండా ఒప్పుకోవద్దు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై ప్రాణాలు పోయిన ఊరిది. ఇంటికి దగ్గర్లో ఏ ఫ్యాక్టరీ ఉంది, అందులో ఏం నిల్వ చేస్తారు అని అడగడం అతి జాగ్రత్త అనిపించుకోదు. కుళాయి నీళ్లు రోజూ ఏ వేళకి, ఎంతసేపు వస్తాయో, వేసవిలో ట్యాంకర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో కూడా ముందే మాట్లాడుకోండి.

కొనే ఆలోచన ఉన్నవాళ్లు కూడా ఏడాది అద్దెకి ఉండి చూడమనే నా సలహా. సింహాచలం దేవస్థానం తనవంటున్న పంచగ్రామాల (ఐదు ఊళ్ల) భూములు లాంటి చోట్ల రిజిస్ట్రేషన్ చిక్కులు ఏళ్లుగా ఉన్నాయి, తొందరపడి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఏప్రిల్‌లోనే వచ్చి బడులు చూసి వెళ్లండి, ఇక్కడ జూన్ రెండో వారంలో తెరుస్తారు. పాత స్కూల్ నుంచి టీసీతో పాటు ఒకటో తరగతి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే టీసీ మీద అక్కడి డీఈఓ సంతకం కావాలేమో చేరబోయే బడిలో అడిగి, సామాన్లు కట్టేలోపే ఆ పని పూర్తి చేసుకోండి.