నడక, లెక్క

"ఎనభై ఆరు... డెబ్భై తొమ్మిది..." అని నాన్న ఆగిపోయారు. లెక్క తప్పి కాదు, కాలే కదల్లేదు!

పొద్దున మా విజయనగరం అయ్యకోనేరు గట్టు మీద నడుస్తూనే, మెదడుకీ పని పెడదామని, వందలోంచి ఏడేసి తీసెయ్యమన్నాను. నోరు ఆడితే కాలు ఆగుతోంది, కాలు కదిలితే అంకె పోతోంది. "ఏటే, నడవనిస్తావా, లెక్కలు కట్టిస్తావా?" అని కసిరారు.

ఫిన్లాండ్‌లో 60 దాటిన 1,260 మందిలో సగం మందికి రెండేళ్లు వ్యాయామం, తిండి, మెదడుకి పని, బీపీ చూడటం అన్నీ కలిపి చేయిస్తే ఆలోచనలో చురుకుదనం మిగతా సగం కంటే మెరుగ్గా ఉందట. మనమేమో నడక ఒక్కటే, అదీ డాక్టర్ తిడితేనే.

రెండో చుట్టుకి అంకెలు మానేసి పలాస వైపు రైల్వే స్టేషన్లు చెప్పమన్నా. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు... ఎక్కడా ఆగలేదు. దూసి దాటేసరికి ఇల్లొచ్చేసింది.