మిద్దె మీద ఏం పరచాలి?

ఇవాళ పొద్దంతా హైదరాబాద్‌లో ఓ పాత మిద్దె మీదే గడిచింది. స్లాబు వెయ్యి చదరపు అడుగులు, మందం 120 మిల్లీమీటర్లు. రాత్రి తొమ్మిది దాటినా సీలింగు నుంచి సెగ కొడుతోందని ఇంటివాళ్ల గోల. కొట్టదూ మరి, పగలంతా తాగిన ఎండని కాంక్రీటు రాత్రి గదిలోకి వదులుతుంది. ఫాల్స్ సీలింగులో థర్మాకోల్ పెట్టిస్తే పోతుందనుకున్నారు. దాంతో గదికి కొంత ఉపశమనమే గానీ స్లాబు కాలడం ఆగదు. పైగా నిప్పంటుకుంటే థర్మాకోల్ కరిగి కారుతుంది. అడ్డు పైనే వేయాలి.

మేస్త్రీ మూడంగుళాల ఇటుకముక్కల కోబా (ముక్కల్ని మాలుతో కలిపి పరిచే పొర) వేద్దామన్నాడు. లెక్క కడితే చదరపు మీటరుకి సుమారు 135 కిలోలు, మొత్తం పన్నెండున్నర టన్నులు. అంత బరువు ఎత్తినా యు-విలువ (కప్పులోంచి వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 3.3 నుంచి 2.6కి దిగుతుంది, అంతే. ఇళ్ల పైకప్పుకి అది 1.2 దాటకూడదని ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఎకో నివాస్ సంహిత చెబుతోంది. వాలు కోసం కోబా సరే, వేడి ఆపడానికి మాత్రం దండగ.

40 మిల్లీమీటర్ల కార్క్ (ఓ రకం ఓక్ చెట్టు బెరడు) పలకలైతే యు-విలువ 0.8 దగ్గరకొస్తుంది. బరువు చదరపు మీటరుకి ఐదు కిలోలు. చెట్టు కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. ఆవిరి పట్టిస్తే దాని సొంత జిగురే బెరడు ముక్కల్ని అతికిస్తుంది. కాకపోతే పోర్చుగల్ నుంచి ఓడలో రావాలి, ధర కూడా అలాగే ఉంటుంది. కొబ్బరిపీచుకి కోనసీమ ఉంది కదా అంటారు. గోడలకి లోపలివైపు బాగానే ఉంటుంది, మిద్దె మీద వద్దు: తడిస్తే వేడిని ఆపదు.

వరస తప్పితే కార్క్ కూడా పాడే. ముందు పగుళ్లు వి-ఆకారంలో చెక్కి పాలిమర్ మాలుతో నింపి, రెండు పూతలు వాటర్‌ప్రూఫింగ్, పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎక్కించాలి. 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. తర్వాత స్లాబు పూర్తిగా ఆరాలి. ఆరిందో లేదో తెలియాలంటే మీటరు పాలిథీన్ షీటు అంచులకి టేపు అంటించి రాత్రంతా ఉంచితే చాలు. పొద్దున షీటు కింద చెమట పట్టిందంటే పలకలు దించకూడదు. ఆ తొందర వల్లే లోపల తడి ఇరుక్కుని పై మాలు పొంగుతుంది.

పలకల జాయింట్లు ఇటుక వరసల్లా మార్చి, మీద షీటు, కోడి మెష్ (సన్నటి ఇనుప వల), 40 మిల్లీమీటర్ల మాలు, వందకి ఒకటి వాలు. మాలు చదరపు మీటరుకి 80 కిలోలు తూగుతుంది కాబట్టి ఇంజినీరు స్లాబు చూడకుండా ముట్టుకోం. మూడు మీటర్లకో గాడి వదలాలి, లేకపోతే మే ఎండకి చీలుతుంది. ఆఖర్న వాటర్‌ప్రూఫింగ్, తెల్లపూత.

డబ్బు సరిపోనివాళ్లు ఆ తెల్లపూతతోనే మొదలుపెట్టొచ్చు. సున్నమైనా పరవాలేదు, దుమ్ము పట్టినకొద్దీ పనిచేయడం తగ్గుతుంది గనక ఏటా ఫిబ్రవరిలో కడిగి మళ్లీ కొట్టాలి.

రేపు వాననీటి గొట్టాలకి బిరడాలు బిగించి నీళ్లు నిలబెట్టాలి. ఈశాన్యం గొట్టం మూతి స్లాబు కన్నా అర అంగుళం ఎత్తులో ఉంది, ముందు దాన్ని దించాలి.