అంబాసిడర్ పనులు: ఎడమ టెయిల్ లైటు, మూడో ఆదివారం

దొరికింది! మూడు ఆదివారాలు తినేసిన మా అంబాసిడర్ కారు ఎడమ టెయిల్ లైటు (వెనక లైటు) జబ్బు ఇవాళ మధ్యాహ్నం దొరికింది. చేతులకి ఇంకా తుప్పు మరకలున్నాయి, అయినా మర్చిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

మొదట పట్టుకున్నది మా బావమరిది. బందరు రోడ్డు మీద బైకు మీద వెనకే వస్తూ, సిగ్నల్ దగ్గర పక్కకొచ్చి, "బావా, నువ్వు బ్రేకేస్తే ఎడమ లైటు ఆరిపోతోంది" అన్నాడు. వెలగకపోవడం కాదు, ఆరిపోవడం. పార్కింగ్ లైట్లు వేస్తే శుభ్రంగా వెలిగేది, బ్రేకు తొక్కగానే చీకటి. గతుకులు లేని రోడ్డు మీద మాత్రం ఆరదు, మసకగా ఉంటుంది.

ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి, పోయిందని అప్పుడే అనుకున్నాను. ఈ 21/5 బల్బులో బ్రేకుకి 21 వాట్ల లావు ఫిలమెంటు, పార్కింగ్‌కి 5 వాట్ల సన్నది. రెండిటికీ ఎర్త్ ఒకటే, బల్బు ఇత్తడి టోపీ. అది తెగితే 5 వాట్ల ఫిలమెంటులోంచి వెళ్ళిన కరెంటు 21 వాట్ల ఫిలమెంటు గుండా బ్రేకు లైనులోకి పోయి, కుడి పక్క బ్రేకు బల్బు ద్వారా ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే లైటు బాగున్నట్టే కనిపిస్తుంది. బ్రేకు తొక్కితే రెండు వైపులా 12 వోల్టులే అయి, కరెంటు పోవడానికి దారి ఉండదు. అద్దం తీసి, లైట్లు ఆపి, మావాణ్ణి బ్రేకు తొక్కమని దగ్గరగా చూశాను. లావు ఫిలమెంటు నల్లగా ఉంది, పక్కన సన్నది ఎర్రగా వెలుగుతోంది. తొక్కింది బ్రేకు, వెలిగింది పార్కింగ్.

మొదటి ఆదివారం బల్బు మార్చాను. ఆకుపచ్చ-ఊదా బ్రేకు వైరులో 11.9 వోల్టులు వస్తున్నాయి, ఎర్ర పార్కింగ్ వైరులోనూ అంతే. సప్లయ్ తప్పు లేదు.

రెండో ఆదివారం లైటు బిగించే స్క్రూ దగ్గర రంగు గీకి, స్టార్ వాషర్ వేసి, లైటు రేకు (బల్బు హోల్డర్లు బిగించిన పలక) నుంచి డిక్కీలో బాడీ బోల్టుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు లాగాను. వైరు ఫినోలెక్స్. ఇంటి వైరింగ్ వైరే అని కొందరు పెదవి విరుస్తారు గానీ, సన్న పోగులది తీసుకుంటే డిక్కీలో ఎర్త్ పనికి నాకు ఏ లోటూ కనిపించలేదు. అంతా చేసి బ్రేకు తొక్కిస్తే ఏ మార్పూ లేదు. మీటరు ఓమ్స్‌లో (కరెంటుకి ఎంత అడ్డుందో కొలిచే చోట) పెట్టి, బల్బు తీసి, అది కూర్చునే హోల్డరు గొట్టానికీ బాడీకీ మధ్య చూస్తే 0.4. అందులో 0.3 మీటరు వైర్లదే. అంటే ఎర్త్ అద్భుతంగా ఉన్నట్టు! ఆ రోజు బ్రేకు స్విచ్ మీదా, హార్నెస్ (వైర్ల కట్ట) మీదా అనుమానంతో సాయంత్రం దాకా వెతికాను.

ఇవాళ ఓమ్స్ మానేసి, లైట్లు వెలుగుతుండగా వోల్టేజి డ్రాప్, అంటే ఎర్త్ దారిలో ఎక్కడ ఎంత వోల్టేజి పోతోందో, చూశాను. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, మావాడి కాలు బ్రేకు మీద. "నాన్నా, వదిలెయ్యనా?" "ఇంకాస్త పట్టరా."

డిక్కీ బాడీ బోల్టు: 0.06 వోల్టులు.
లైటు రేకు: 0.08.
బల్బు ఇత్తడి టోపీ: 4.6.
హోల్డరు గొట్టం: 4.5.

రేకు దగ్గర 0.08, దాన్నే పట్టుకుని ఉన్న గొట్టం దగ్గర 4.5. గొట్టాన్ని రేకులోకి దూర్చి అంచు మడిచి బిగించారు. ఆ మడత కింద తుప్పు పట్టింది. నేను లాగిన కొత్త వైరు రేకుకి ఉంది, జబ్బు రేకుకీ గొట్టానికీ మధ్య ఉంది.

మరి 0.4 ఎలా చూపించింది? నా ఊహ ఇది. బల్బు తీసి ప్రోబ్‌తో గొట్టాన్ని నొక్కినప్పుడు గొట్టం రేకుకి గట్టిగా ఆనింది. బల్బు పెడితే లోపలి స్ప్రింగు దాన్ని మరోవైపు తోస్తుంది, పట్టు వదులవుతుంది. పరీక్షగా బల్బుని వేలితో పక్కకి నొక్కితే 4.5 ఒక్కసారిగా 0.9కి పడింది, లైటు భగ్గుమంది. ఇంకో ఆధారం మొదటి రోజు నుంచీ కళ్ళ ముందే ఉంది: అదే రేకు మీదున్న ఇండికేటర్ ఎప్పుడూ మసకబారలేదు. రేకు ఎర్త్ బాగుందని అదే చెబుతోంది.

మడత చుట్టూ ఉప్పు కాగితంతో రుద్ది గొట్టం బయటవైపే వైరు టంకం వేశాను. 25 వాట్ల టంకం ఐరన్‌కి ఇత్తడి వేడెక్కలేదు, 100 వాట్లది తెచ్చాక నిమిషంలో పట్టింది. మామూలుగా కార్లో క్రింపింగుకే (వైరు కొసకి తొడుగు నొక్కి బిగించడానికే) నా ఓటు, అదురుకి టంకం పక్కనే వైరు విరుగుతుంది కాబట్టి. ఇక్కడ వేరే దారి లేదు. అందుకే వైరుని రెండంగుళాల అవతల రేకుకి క్లిప్పుతో కట్టాను.

ఇప్పుడు గొట్టం దగ్గర బ్రేకు తొక్కి పట్టినా 0.11. గతుకుల్లో తిప్పి చూశాను, ఆరలేదు.

ఇలాంటివాటికి కొంతమంది ఎల్ఈడీ బల్బు పెట్టేయమంటారు. కరెంటు తక్కువ తీసుకుంటుంది కాబట్టి చెడ్డ ఎర్త్ మీద కూడా వెలుగుతుంది, జబ్బు లోపలే ఉండిపోతుంది. పైగా ఆ పాత ఎర్రద్దం వెనక ఫిలమెంటు వెలుగే నాకిష్టం.



కుడి లైటు దగ్గర డ్రాప్ ఇప్పటికే 0.35 ఉంది. అదీ అదే మడత అయ్యుంటుంది, వచ్చే ఆదివారం విప్పుతాను. ఎడమ లైటు రబ్బరు గ్యాస్కెట్ చీలింది, నీళ్ళు అక్కణ్ణుంచే దిగినట్టున్నాయి. ఆటోనగర్‌లో దొరక్కపోతే ట్యూబు రబ్బరు కత్తిరించి వానలకి ముందే వేసేస్తాను. ఆ తర్వాత హెడ్‌లైట్లకి రిలేలు (బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా అందించే స్విచ్చులు). హై బీమ్ వేసినప్పుడు బల్బు దగ్గర 10.8 మాత్రమే వస్తోంది, అది ఎక్కడ పోతోందో చూడాలి.