మెజారిటీ అనే మాట దగ్గర నేను పోగొట్టుకున్న మార్కులు

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న తోటి అభ్యర్థులకు, ముఖ్యంగా మూడో పేపర్‌లోని రాజ్యాంగ భాగాన్ని అధికరణల సంఖ్యలు కంఠస్థం చేసి గట్టెక్కవచ్చునని అనుకునేవారికి, నల్లగొండలో రెండేళ్లు గ్రంథాలయంలో కూర్చుని చదివిన అనుభవంతో ఒక్క విషయం చెప్పదలచుకున్నాను.

'సగం మంది ఓటర్ల మద్దతు లేకుండా ఒక పార్టీ అధికారంలోకి రాగలదా?' అనే అభ్యాస ప్రశ్నకు, మెజారిటీ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు కనుక రాలేదని రాసి పదికి రెండు మార్కులు తెచ్చుకున్నాను. చదవక చేసిన తప్పు కాదది. మాట అర్థం తేల్చుకోక చేసిన తప్పు. ఓట్ల లెక్కింపు రోజున మా ఊళ్లో 'మెజార్టీ ఎంత?' అని అడిగితే, గెలిచినవారికీ రెండో స్థానంలో నిలిచినవారికీ మధ్య తేడా ఎంత అని అర్థం. శాసనసభలో మెజారిటీ అంటే సగానికి మించిన స్థానాలు. పోలైన ఓట్లలో సగానికి మించిన వాటా అనేది మూడో అర్థం. మొదటి రెండూ ఉంటే ప్రభుత్వం ఏర్పడుతుంది. మూడోదాన్ని మన చట్టం ఎక్కడా అడగదు. అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు; 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచిన 1996 నాటి నల్లగొండ లోక్‌సభ ఎన్నికలోనూ నియమం ఇదే. ఆ తర్వాత ధరావతును (డిపాజిట్‌ను) 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారే తప్ప, గెలవడానికి కనీసం ఇంత శాతం ఓట్లు రావాలన్న షరతు పెట్టలేదు.

దీన్ని కాగితం మీద లెక్క వేసి చూడండి. మూడు నియోజకవర్గాలు, ఒక్కోదానిలో వంద ఓట్లు అనుకుందాం. రెండింటిలో ఓట్లు 34, 33, 33గా చీలి, 34 వచ్చిన పార్టీకి మూడో నియోజకవర్గంలో ఒక్క ఓటూ పడకపోయినా, 300 ఓట్లలో 68తో ఆ పార్టీ మూడింట రెండు స్థానాలు గెలుచుకుంటుంది. వాస్తవం ఇంత విపరీతంగా ఉండదు గానీ దారి అదే. 2014లో తెలంగాణలో టీఆర్ఎస్ దాదాపు 34 శాతం ఓట్లతో 119లో 63 స్థానాలు గెలిచింది. 2023లో కాంగ్రెస్, బీఆర్ఎస్‌ల మధ్య ఓట్ల తేడా సుమారు రెండు శాతమే అయినా స్థానాలు 64, 39గా వచ్చాయి.

ఓట్లు ఎన్ని అన్నదానితో పాటు అవి ఎక్కడ పడ్డాయన్నది కూడా ముఖ్యమని నాకు 2024 లోక్‌సభ ఫలితాలు నేర్పాయి. నల్లగొండలో కాంగ్రెస్ 5,59,905 ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. మహబూబ్‌నగర్‌లో అదే పార్టీ 4,500 ఓట్ల తేడాతో బీజేపీ చేతిలో ఓడింది. మా దగ్గరి ఆధిక్యంలో నూటికి ఒక్క వంతు పాలమూరులో పడి ఉంటే అక్కడి ఫలితం తారుమారయ్యేది. ఈ ఉదాహరణ రాసిన జవాబు మూల్యాంకనం చేసేవారికి గుర్తుండకుండా పోదని నా నమ్మకం.

ప్రత్యామ్నాయాల గురించి క్లుప్తంగా రాస్తే చాలు. ఓట్ల వాటాకు తగ్గట్టు స్థానాలు దక్కే దామాషా పద్ధతి మనకు కొత్తది కాదు. రాష్ట్రపతి, రాజ్యసభ ఎన్నికల్లో ఏక ఓటు బదిలీ విధానం ఉంది; అంటే ఓటరు అభ్యర్థులకు ప్రాధాన్య క్రమం ఇస్తే, అవసరాన్ని బట్టి ఆ ఓటు తర్వాతి అభ్యర్థికి బదిలీ అవుతుంది. రాజ్యాంగ సభలో దామాషాను అన్ని ఎన్నికలకూ వర్తింపజేయాలని కొందరు కోరినప్పుడు, నిరక్షరాస్యతనూ ప్రభుత్వ సుస్థిరతనూ చూపి అంబేద్కర్ తిరస్కరించారు. లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో, లోక్‌సభ స్థానాలను 25 శాతం పెంచి పెరిగిన వాటిని జాబితా పద్ధతిలో, అంటే పార్టీలకు వచ్చిన ఓట్ల వాటాను బట్టి వాటి జాబితాల్లోని అభ్యర్థులతో, నింపాలని సూచించింది. అయితే దామాషాలోనూ ఒక చిక్కు ఉంది: ఎవరికీ సగం రానప్పుడు, కొద్దిపాటి ఓట్ల చిన్న పార్టీ ప్రభుత్వాన్ని నిలబెట్టగలదు, పడగొట్టగలదు.

ఇదంతా చేర్చి మళ్లీ రాసిన జవాబుకు ఆరు మార్కులు వచ్చాయి. అంచున ఎర్రసిరాతో 'నియోజకవర్గాల పునర్విభజన ఏది?' అని ఉంది. నిజమే, జనాభాను బట్టి నియోజకవర్గాల హద్దులను మళ్లీ గీసే ఆ అంశాన్ని వదిలేశాను. ఓటర్ల సంఖ్య తక్కువ ఉన్న నియోజకవర్గాల్లో బలం ఉన్న పార్టీ తక్కువ ఓట్లతోనే ఎక్కువ స్థానాలు తెచ్చుకుంటుంది. ప్రధానంగా శ్వేతజాతీయులకే ఓటు హక్కున్న దక్షిణాఫ్రికాలో, గ్రామీణ నియోజకవర్గాల్లో ఓటర్లు తక్కువ ఉండేందుకు చట్టం వీలు కల్పించింది. 1948లో నేషనల్ పార్టీ ప్రత్యర్థి కన్నా తక్కువ ఓట్లతోనే అధికారానికి వచ్చి, వర్ణవివక్షను ప్రభుత్వ విధానంగా మార్చింది. మన దేశంలో రాష్ట్రాల మధ్య లోక్‌సభ స్థానాల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గర ఆగి ఉంది; 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వెలువడేదాకా దాన్ని కదపకుండా 84వ సవరణ నిలిపింది.