వాన గుర్తుల నోటుబుక్: ఏ గుర్తు ఎంత ముందు చెబుతుంది

వాన వస్తుందని పెద్దవాళ్ళు చెప్పే గుర్తులను ఒక్కొక్కటే సరిచూసే పని సాగుతోంది. "గుర్తు కనిపించింది, వాన పడింది" అని మాత్రమే రాసుకుంటూ పోతే ప్రతి గుర్తూ పాసైపోతుంది. చీమలు గుడ్లు మోసుకెళ్ళిన రోజు వాన పడితే పది మందికీ చెబుతాం. మోసుకెళ్ళినా ఎండ కాస్తే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకని ఒక్కో గుర్తుకీ నాలుగు గడులు గీశాను: కనిపించింది పడింది, కనిపించింది పడలేదు, కనిపించలేదు పడింది, కనిపించలేదు పడలేదు. నాలుగో గడి నింపడం పరమ బోరు. అది లేకపోతే మాత్రం మిగతా మూడూ దండగ.

ఐదో గడిలో టైమ్ రాస్తాను, గుర్తు కనిపించాక మొదటి చినుకు పడటానికి ఎంతసేపు పట్టిందో. రానురాను ఆ గడే ముఖ్యమైపోయింది. గుర్తు నిజమా ఉత్తదా అని వాదించుకునే చాలా చోట్ల అసలు తేడా టైములోనే ఉంది. ఒకటి పది నిమిషాల ముందు చెబుతుంది, ఇంకొకటి రేపటి సంగతి చెబుతుంది. రెండింటినీ ఒకే గాటన కడితే రెండూ తప్పినట్టే కనిపిస్తాయి.

నాలుగు చినుకులు రాలి ఆగిపోతే దాన్ని వాన అనాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి. నా లెక్కలో 1 మిల్లీమీటరు దాటితేనే వాన. కొలవడానికి నిటారు గోడలున్న సీసా, దానిమీద గరాటు చాలు. గరాటు మూతి సీసాకి రెట్టింపు వెడల్పు ఉంటే 1 మిల్లీమీటరు వాన సీసాలో 4 మిల్లీమీటర్లు లేస్తుంది, స్కేలుతో చదవడం తేలిక. సీసా అడుగు వంకరగా ఉంటే వంపు మునిగేదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత గీయాలి. పక్కన గోడో చెట్టో ఉంటే దాని ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టాలి.

ఉప్పు చెమ్మగిల్లితే వాన అనే మాటతో మొదలుపెట్టాను, ఎందుకంటే దాన్ని కొలవచ్చు. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. శుద్ధి చేయని ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది కాబట్టి అది ఇంకా ముందే తడుస్తుంది. అంటే ఉప్పు డబ్బా ఒక మోటు తేమ మీటరన్నమాట. చిక్కల్లా తెల్లవారుజామున వస్తుంది. ఆ చల్లదనానికి గాలిలో తేమ శాతం దానంతటదే పెరుగుతుంది, మబ్బు ఛాయలు లేని రోజు కూడా ఉప్పు తడిగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి, ఎండ మాడ్చాల్సిన వేళ కూడా చెమ్మగా ఉంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. పొద్దుటి ఉప్పును నోటుబుక్‌లోంచి తీసేశాను. ఉక్కపోతదీ ఇదే కథ. గాలిలో నీరుందని చెబుతుంది గానీ, అది ఇక్కడే కురుస్తుందని చెప్పదు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ఉరుముల వానకైతే చివరి పావుగంట బాగానే తెలుస్తుంది. మబ్బు లోపల చినుకులు పడుతూ ఆవిరై చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లని గాలి బరువు కాబట్టి కిందికి దూకి నేలమీద నలువైపులా పరుచుకుంటుంది. అప్పటిదాకా ఆకు కూడా కదలదు, ఉన్నట్టుండి తలుపులు దడదడలాడతాయి, థర్మామీటరు నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. మట్టి వాసనను మోసుకొచ్చేదీ ఆ గాలే. వాసన వచ్చిందంటే పక్కన ఎక్కడో అప్పటికే నేల తడిసిందని అర్థం, రాబోయే వానకు వాసన ఉండదు. ఈ వాసన మీద ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో వ్యాసం రాసి దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్‌ది ఇందులో పెద్ద పాత్ర. మన ముక్కు దాన్ని ఎంత పలచగా ఉన్నా పట్టేస్తుంది. నా గడుల్లో వాసన తప్పిన సందర్భాలన్నీ ఒకటే రకం: వాన పక్కకి తప్పుకుని, గాలి మాత్రం ఇటు వచ్చింది.

ఫోన్‌లో పీడనం కొలిచే సెన్సర్ ఉంటే వాడుకోవచ్చు, అయితే రెండు జాగ్రత్తలు. సుమారు 8 మీటర్లు పైకెక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్) తగ్గుతుంది కాబట్టి ఎప్పుడూ ఒకేచోట నిలబడి చూడాలి. రెండోది చాలామంది పట్టించుకోనిది. ఉష్ణమండలంలో గాలి పీడనం రోజూ ఉదయం, రాత్రి పది ప్రాంతంలో పెరిగి, నాలుగింటికల్లా తగ్గుతుంది, తుపాను ఉన్నా లేకపోయినా. సాయంత్రం నాలుగింటికి తగ్గిందని గొడుగు తీసినవాళ్ళు రోజూ తీయాల్సిందే. నిన్న ఇదే టైముకి ఎంత ఉందో దాంతో పోల్చాలి. ఇంకో తమాషా: ఉరుముల వాన సరిగ్గా మీద పడే ముందు పీడనం తగ్గడం కాదు, చల్లగాలితో పాటు కాస్త పెరుగుతుంది.

ఇక చంద్రుడి చుట్టూ కట్టే గుడి, అంటే వెలుగు వలయం. "దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన" అన్న సామెత మొదట్లో నాకు ఎక్కలేదు. ఒకటే గుడి పెద్దదీ చిన్నదీ ఎలా అవుతుంది? అసలు అవి రెండు వేర్వేరు విషయాలు. పెద్ద గుడి చాలా ఎత్తులో, పలచని మంచు మబ్బుల్లో కడుతుంది. దాని వ్యాసార్ధం ఎప్పుడూ 22 డిగ్రీలే. చెయ్యి బారచాపి, బొటనవేలు చంద్రుడిమీద ఉంచి వేళ్ళు బాగా విప్పితే చిటికెనవేలు ఇంచుమించు గుడి గీతకు తగులుతుంది. చిన్నది చంద్రుడికి అంటుకున్నట్టుండే రంగుల వలయం, దాన్ని పలచని మబ్బులోని నీటి బిందువులు చేస్తాయి. దూరంనుంచి పెద్ద ముసురు వస్తున్నప్పుడు ముందుగా పరుచుకునేది ఆ మంచు మబ్బే, కాబట్టి సామెత మొదటి సగంలో పస ఉంది. టైమ్ గడిలో ఒక రోజు అటూఇటూగా వస్తోంది. మధ్యాహ్నం ఎక్కడికక్కడ లేచే ఉరుముల వానకు మాత్రం గుడి పనికిరాదు. రెండు రకాల వానలకు పేజీలు విడగొట్టాక గాని ఈ గుర్తు దారికి రాలేదు.

జీవాల గుర్తుల దగ్గర పని నెమ్మదిగా నడుస్తోంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇచ్చిన పట్టికే ఎదురుగా పెట్టుకున్నాను: గుడ్లు మోసే చీమలు, పదేపదే అరిచే కప్పలు, గోళ్ళతో నేల గీరే పిల్లులు, పచ్చి వాసన వేసే లోహపు తుప్పు, వికారం పొందిన ఉప్పు, స్తంభించిన గాలి. వీధిలో ఆనకట్టలు కట్టే పిల్లలు కూడా ఆ పట్టికలో ఉన్నారు! నా పేజీల్లో కప్పలు బాగానే నిలబడుతున్నాయి, తడి గాలి వాటి చర్మానికి అవసరం మరి. చీమలు నిరాశపరిచాయి. ఎండ ఎక్కువైనా, గూడు చెదిరినా అవి గుడ్లు మోస్తాయి. పిల్లి ఎప్పుడూ గీరుతూనే ఉంటుంది, దాన్ని వదిలేశాను.

మోకాళ్ళ నొప్పుల గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. 2017లో అమెరికాలో కోటి పైచిలుకు డాక్టర్ విజిట్లను వాన రోజులతో పోల్చి చూస్తే సంబంధం కనబడలేదు. 2019లో బ్రిటన్‌లో ఫోన్ యాప్‌తో చేసిన అధ్యయనంలో తేమకీ నొప్పికీ చిన్నపాటి సంబంధం కనబడింది. నా దగ్గర ఆ పేజీ లేదు, అడగడానికి మోకాళ్ళు కావాలి.

మెరుపు నుంచి ఉరుము దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. వరసగా రెండుమూడుసార్లు చూస్తే దగ్గరికొస్తోందో దాటిపోతోందో తెలుస్తుంది. ముప్పై సెకన్లకు తగ్గగానే నోటుబుక్ మూసి ఇంట్లోకి వెళ్ళిపోవడమే, గడి నింపడం కోసం డాబామీద నిలబడొద్దు.

ఇప్పుడు చేస్తున్నది వెంట్రుక తేమ మీటరు. స్విస్ శాస్త్రవేత్త సొస్యూర్ 1783లో వర్ణించింది అదే. సబ్బుతో జిడ్డు వదిలించిన పొడవాటి వెంట్రుక ఒకటి, చిన్న ఇరుసుకి చుట్టి కొసన సన్నని బరువు, ఇరుసుకి ముల్లు. పూర్తిగా పొడి గాలి నుంచి పూర్తి తడి గాలికి వెంట్రుక రెండు రెండున్నర శాతమే సాగుతుంది, అందుకే ఇరుసు ఎంత సన్నగా ఉంటే ముల్లు అంత బాగా తిరుగుతుంది. గీతలు పెట్టడానికి మళ్ళీ ఉప్పే దిక్కు. గాలి చొరబడని డబ్బాలో ముద్దలా తడిపిన ఉప్పు, పక్కన మీటరు పెట్టి రాత్రంతా వదిలేస్తే లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ముల్లు ఎక్కడాగితే అక్కడ 75 అని రాయాలి. కొనుక్కున్న డిజిటల్ మీటర్లను కూడా ఇలాగే సరిచూసుకోవచ్చు. ఉప్పు ముద్దగానే ఉండాలి, నీళ్ళలో పూర్తిగా కరిగిపోతే అంకె మారిపోతుంది.