అభ్యసన సిద్ధాంతాలు: ఫోన్‌లో క్లాసు వింటున్న డీఎస్సీ అభ్యర్థులకు

డీఎస్సీ రాసి, ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మెరిట్ లిస్టులో పేరు తెచ్చుకున్నాను. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను. టెక్కలి, నరసన్నపేట, చీపురుపల్లి వైపు నుంచి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడుగుతున్నది ఒకటే: అవనిగడ్డ కోచింగ్‌కి వెళ్ళకుండా, ఫోన్‌లో క్లాసులు వింటూ సైకాలజీ ఎలా పట్టుకోవాలి? సిలబస్, నార్మలైజేషన్, టెట్ 20 శాతం వెయిటేజీ మీకు తెలిసినవే. నేను అభ్యసన సిద్ధాంతాల దగ్గరే ఆగుతాను. మీరు వింటున్న ఆన్‌లైన్ క్లాసు బుర్రకెక్కుతోందో లేదో తేల్చి చెప్పే అధ్యాయం అదే.

థార్న్‌డైక్‌కి పిల్లి, పావ్‌లోవ్‌కి కుక్క, కోహ్లర్‌కి సుల్తాన్ అనే చింపాంజీ అని జతలు బట్టీ పడితే సరిపోదు. ఒక సన్నివేశం ఇచ్చి, ఇది ఎవరి సిద్ధాంతం అని అడుగుతారు. ఆన్‌లైన్ క్లాసులో జరిగే ప్రతి పనికీ ఒక పేరు పెట్టుకుంటూ వెళ్ళండి. నోటిఫికేషన్ మోత వినగానే చెయ్యి ఫోన్ మీదకి పోతే అది పావ్‌లోవ్, ఆ మోత నిబంధిత ఉద్దీపన (అలవాటు వల్ల స్పందన తెప్పించే సంకేతం). క్లాసు మొదట్లో చిన్న ప్రశ్న వేసి పిల్లల్ని పాఠానికి సిద్ధం చేస్తే థార్న్‌డైక్ సంసిద్ధతా నియమం.

స్కిన్నర్ దగ్గర మాత్రం తొందరపడకండి. కార్యక్రమయుత అభ్యసనంలో నాలుగు ముక్కలు గుర్తుంచుకోవాలి: చిన్న చిన్న సోపానాలు, అభ్యాసకుడి చురుకైన ప్రతిస్పందన, తప్పొప్పులు వెంటనే తెలియడం, ఎవరి వేగం వారిది. లెర్నింగ్ యాప్‌లు చాలావరకు వీటి మీదే నడుస్తాయి. మెలిక ఎక్కడంటే, అందరికీ ఒకే వరుసలో ఫ్రేములు (పాఠం చిన్న ముక్కలు) వస్తే అది రేఖీయ కార్యక్రమం, స్కిన్నర్‌ది. తప్పు జవాబు నొక్కినవాడిని వేరే వివరణకి పంపి, మళ్ళీ అసలు దారికి తెస్తే అది శాఖీయ కార్యక్రమం, క్రౌడర్‌ది. యాప్ అన్న మాట కనబడగానే స్కిన్నర్ పెట్టేస్తే మార్కు పోతుంది.

పునర్బలన నియమాలూ, అంటే బహుమతి ఎప్పుడెప్పుడు ఇవ్వాలన్న లెక్కలూ అంతే. ప్రతి 10 సరైన జవాబులకు ఒక బ్యాడ్జీ ఇస్తే స్థిర నిష్పత్తి. ప్రతి ఆదివారం గ్రాండ్ టెస్టు స్థిర కాలవ్యవధి. అందుకే చాలామందికి శనివారం రాత్రి దాకా పుస్తకం తెరవబుద్ధి కాదు. చెప్పకుండా పెట్టే క్విజ్ చర కాలవ్యవధి. ఎన్నో రీల్ నచ్చుతుందో తెలియక వేలితో జరుపుతూ పోవడం చర నిష్పత్తి. మానడానికి అన్నిటికన్నా కష్టమైన అలవాటు ఈ చివరిదే. క్లాసు వినే ఫోన్‌లోనే రీల్స్ ఉంచుకుని ఏకాగ్రత లేదని బాధపడితే లాభం లేదు. నోటిఫికేషన్లు ఆపండి, వీడియో ముందే డౌన్‌లోడ్ చేసుకుని నెట్ కట్టేసి వినండి. గాలివానకి కరెంటు, సిగ్నల్ పోయే మన జిల్లాల్లో అది ఇంకో రకంగానూ పనికొస్తుంది.

ఋణాత్మక పునర్బలనాన్ని శిక్ష అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కెమెరా ఆన్ చేసేదాకా మందలించి, చేయగానే ఆపేస్తే ఆన్ చేయడం పెరుగుతుంది. అది ఋణాత్మక పునర్బలనం. అల్లరి చేసినవాడిని మ్యూట్‌లో పెడితే అల్లరి తగ్గుతుంది, అది శిక్ష. ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అన్నదొక్కటే చూడండి.

ఇక విన్నది నిలబడే సంగతి. ఎబ్బింగ్‌హాస్ 1885లో అర్థరహిత పదాలతో చూస్తే ఒక రోజు తర్వాత పొదుపు సుమారు 34 శాతం, ఆరు రోజులకు 25 శాతం. ఇది గుర్తున్న పదాల శాతం కాదు, తిరిగి నేర్చుకునేటప్పుడు ఆదా అయిన శ్రమ. రోడిగర్, కార్పికే 2006 ప్రయోగం ఇంకా ముఖ్యం. పాఠాన్ని మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచాక మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళు 56 శాతం దగ్గర ఉంటే, మళ్ళీ చదివినవాళ్ళు 42 దగ్గర ఆగిపోయారు. అదే వీడియో మూడోసారి వింటే అంతా వచ్చేసినట్టు అనిపించడానికి కారణం ఆ అయిదు నిమిషాల గెలుపే.

కాబట్టి నలభై నిమిషాల వీడియోని పది పన్నెండు నిమిషాలకోసారి ఆపండి. ఫోన్ బోర్లా పెట్టి, చూడకుండా అయిదు వాక్యాలు రాయండి. రానివాటి కోసమే వెనక్కి వెళ్ళండి. అయిపోయాక సొంతంగా నాలుగు బిట్లు తయారు చేసుకుని, మర్నాడు, మూడో రోజు, వారానికి వాటికి జవాబులు రాయండి. రెట్టింపు వేగంలో వినడం తెలిసిన పాఠానికే. కొత్త పాఠానికి పనిచేసే స్మృతి (అప్పటికప్పుడు విషయాన్ని మనసులో పట్టి ఉంచే శక్తి) చాలదు. స్వెల్లర్ చెప్పిన సంజ్ఞానాత్మక భారం అదే. ఆన్‌లైన్ క్లాసు వింటే ఉద్యోగం రాదని మొహం మీదే అనేవాళ్ళున్నారు. ఉత్తినే వింటే రాదు, నిజమే. అవనిగడ్డ హాల్లో కూర్చుని ఉత్తినే విన్నా రాదు.

చూసి నేర్చుకోవడానికి బండూరా చెప్పిన మెట్లు నాలుగు: అవధానం, ధారణ (గుర్తుంచుకోవడం), పునరుత్పాదన (చేసి చూపడం), ప్రేరణ, ఈ వరుసలో. లెక్క చేస్తున్న వీడియో చూసి ఊరుకుంటే రెండో మెట్టు మీదే ఉన్నట్టు. వైగాట్‌స్కీకి సామీప్య వికాస మండలం, అంటే ఒంటరిగా చేయలేనిది తెలిసినవారి సాయంతో చేయగలిగే మేర. వాట్సాప్ గ్రూపులో మీకన్నా చిన్నవాడు సందేహం తీర్చినా, మీకన్నా తెలిసిన వ్యక్తి వాడే. స్కాఫోల్డింగ్ (నేర్చుకునేవాడికి తాత్కాలికంగా ఇచ్చే ఊత) అన్న మాటని ఈ అర్థంలో వాడినది మాత్రం ఉడ్, బ్రూనర్, రాస్, 1976లో. సాయం క్రమంగా తీసేయకపోతే అది స్కాఫోల్డింగ్ కాదు. కనెక్టివిజం అంటే సీమెన్స్, జ్ఞానం నెట్‌వర్క్‌లో ఉంటుందన్న వాదన, అంతవరకు చాలు.

పియాజేని మన పిల్లలతో కలిపి చదవండి. ఉద్దానం పిల్లవాడికి జీడితోట స్కీమా (మనసులోని నమూనా) ఉంది, వీడియోలోని ఆపిల్ తోటని మొదట అందులోనే ఇముడ్చుకుంటాడు, అది సాంశీకరణం. ఇమడక స్కీమానే మార్చుకుంటే అనుగుణ్యం. మెళియాపుట్టి, మందస వైపు సవర తెగ పిల్లవాడికి ప్రామాణిక తెలుగులో రికార్డు చేసిన పాఠం పెడితే, విషయం కన్నా ముందు భాషే అడ్డొస్తుంది. గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ కిందటే సవర పిల్లల కోసం సవరలో పుస్తకాలు రాయడం ఇందుకే. రేపు పోస్టింగ్ అటువైపు వస్తే, వీడియో ప్రతి రెండు నిమిషాలకీ ఆపి, విన్నది వాళ్ళ మాటల్లో చెప్పించి, ఆ తర్వాతే మళ్ళీ నడపండి.