రాత్రి తొమ్మిదింటి పని

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. కిడ్నీ జబ్బుతో ఉన్న మా పిల్లి పండుగాడు పోయిన సంగతి ఈయన చెప్పారట. "పోనీలే అమ్మాయ్, వాడికీ సుఖం, నీకూ తీరిక" అంది. ఆ తర్వాత తన మోకాళ్ల నొప్పుల గురించి కాసేపు మాట్లాడి పెట్టేసింది. అప్పట్నుంచి ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. అంట్లు తోముతున్నా అదే, చిన్నదానికి లెక్కలు చెప్తున్నా అదే. పడుకుంటే నిద్ర పట్టలేదు, లేచి కూర్చున్నా.

తీరిక కావాలని నేనెవర్నైనా అడిగానా? వాడికి సెలైన్ పెట్టడం ఎవరో నా నెత్తిన పెట్టిన బరువని ఎప్పుడైనా అన్నానా? రాత్రి తొమ్మిదయ్యేసరికి ఈ ఇంట్లో వేరే పని ఉండేది కాదు, అంతే. సంచీని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచాలి, లేకపోతే ఒంట్లోకి చల్లగా దిగి వాడు ఉలిక్కిపడేవాడు. ట్యూబులో బుడగలు పోయేదాకా కొంచెం వదిలెయ్యాలి. రెండు భుజాల మధ్య చర్మం పైకి లాగి పట్టుకుంటే కింద చిన్న ఖాళీ వస్తుంది. సూది మొన ఏటవాలుగా ఉన్న వైపు పైకి ఉండేలా ఆ ఖాళీలోకి దించాలి. మొదట్లో ఈ పక్క గుచ్చితే ఆ పక్క బయటికొచ్చేది. నీళ్లన్నీ వాడి బొచ్చు మీద, నా ఒళ్లో. చిన్నది తువ్వాలు పట్టుకుని రెడీగా నిలబడేది.

తర్వాత్తర్వాత చేతికి అలవాటైపోయింది. చర్మంలోకి సూది దిగినప్పుడు చిన్నగా తెగినట్టు వేలికి తెలుస్తుంది, అది తెలిస్తే ఇక భయం లేదు. ఈయన సంచీ మీద గీతలు చూస్తూ "ఇంకో ఇరవై... ఇంకో పది... చాలు" అనేవారు. మొత్తం 100 మిల్లీలీటర్లు. ఆ నీళ్లు వీపు మీద ముద్దలా నిలిచి, కాసేపటికి ఒక ముంగాలు వైపు జారేవి. ఆ కాలొక్కటే లావుగా వేసుకుని నడుస్తూ వెళ్లి తన కుర్చీ ఎక్కేవాడు. తెల్లారేసరికి అంతా ఒంట్లో కలిసిపోయేది.

సూది ఉండగానే గుర్రుగుర్రుమనేవాడు. నాకెంత సంబరమో. పిల్లులు సుఖంగా ఉన్నప్పుడే కాదు, నొప్పిలోనూ భయంలోనూ కూడా అలా అంటాయని డాక్టర్ గారు చెప్పాక ఆ చప్పుడు వింటే మనసు రెండుగా అయిపోయేది. కానీ సూది తీసేశాక కూడా కిందికి దిగకుండా గడ్డం నా మణికట్టు మీద ఆనించి పడుకునేవాడు. అది నొప్పి కాదు. ఆ ఒక్కటీ నాకు తెలుసు, ఎవరు చెప్పినా వినను.

కిడ్నీ జబ్బు సంగతి ఇంతే. నాలుగింట మూడొంతులు పాడయ్యేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినం, పెద్దగా పెరగదట. మనకు తెలిసేసరికి మిగిలేది ఆ కొంచెమే. ఆ కొంచెంతో వాడు ఇన్నాళ్లు లాక్కొచ్చాడు.

ఆఖర్లో ఈయన ఫ్రిజ్ మీద కాగితం అంటించారు. జంతువుల క్యాన్సర్ డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా ఆవిడ 2004లో తయారుచేసిన పట్టిక అది, జబ్బుపడ్డ జంతువుని ఇంకా ఉంచాలా, మందుతో నిద్రపుచ్చేయాలా అని తేల్చుకోడానికి. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఇలా ఏడు. ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా పరవాలేదని లెక్క. ఆ కాగితం చూస్తే నాకు ఒళ్లు మండేది. సంతోషానికి నేను ఆరు వేస్తే ఈయన మూడు వేసేవారు. "కిటికీలోకి ఎక్కాడు కదండీ" అంటే "ఎక్కలేదు, నువ్వు ఎక్కించావు" అనేవారు. ఆ ముక్క దగ్గర ఎన్నిసార్లు మాటా మాటా అనుకున్నామో. చివరికి నా అంకెలు కూడా 35 కింద పడ్డాయి.

ఆ రోజు గురించి ఇప్పుడు రాయలేను. ప్రాణం పోయాక కళ్లు మూసుకోవు, కంగారు పడకండి అని డాక్టర్ గారు ముందే చెప్పారు. చెప్పడం మంచిదైంది.

మర్నాడు ఆఫీసుకి "జ్వరం" అని మెసేజ్ పెట్టాను. పిల్లి పోయిందంటే సెలవిస్తారా? పాత ఈజిప్టులో ఇంట్లో పిల్లి దానంతట అది చనిపోతే ఆ ఇంటివాళ్లందరూ కనుబొమ్మలు గొరిగించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాశాడు. అలాంటిదేదో ఉంటే బాగుండును. ఎదుటివాళ్లు ముఖం చూడగానే తెలుసుకుని కాసేపు ఊరుకుంటారు. జ్వరం ఎలా ఉందని అడిగిన ప్రతివాళ్లకీ తగ్గిందని చెప్పుకుంటూ తిరగడం ఎంత నరకమో.

ఇంత రాశాక ఒక మాట తడుతోంది. నిన్న రాత్రి నేను మెలకువ లేకుండా నిద్రపోయాను. వాంతి చేసుకున్న చప్పుడు వస్తుందేమోనని చెవి అటే వేసి పడుకోవడం, వాడి ఊపిరి చూడ్డానికి లేవడం, ఏవీ లేవు. పొద్దున్న ఒళ్లు తేలిగ్గా ఉంది. అలా తేలిగ్గా ఉందనే ఏడుపొచ్చింది. మరి వదిన మీద అంత కోపం దేనికి?

మావయ్యగారు మంచాన ఉన్నప్పుడు చివరిదాకా చేసింది వదినే. పక్కబట్టలు మార్చడం, పుళ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, రాత్రిళ్లు ట్యూబు చూసుకోవడం. ఆయన పోయిన రోజు వచ్చినవాళ్లందరూ ఆవిడతో ఇదే మాట అన్నారు, ఆయనకీ సుఖం, నీకూ తీరిక అని. నేను పక్కనే ఉన్నాను. వదిన తలూపింది. ఆ మాటకి ఆవిడ మనసులో ఏమైందో నాకు తెలియదు. బహుశా ఆ మాటే ఆవిడకి ఆసరా అయిందేమో. లేకపోతే ఇన్నేళ్ల తర్వాత, అదీ ఒక పిల్లి కోసం, నాతో ఎందుకంటుంది? మనిషికి అన్న మాటే పండుగాడికీ అంది, తక్కువ చెయ్యలేదు. అయినా ఫోన్ తీయగానే మొదటి మాటగా అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అదే అంటాను.

సరే, నాకిప్పుడు టెన్షన్ అంతా మా ఇంకో పిల్లి చుక్క గురించి. వాడు పోయినప్పట్నుంచీ గదులన్నీ తిరుగుతూ అరుస్తోంది, తిండి తగ్గించేసింది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. అందులోనూ ఇది బొద్దుగా ఉంటుంది, ఇలాంటివాటికే ప్రమాదం ఎక్కువట. ఇవాళ కొంచెం వెచ్చచేసి వేలికి రాసి పెడితే నాకింది, గిన్నెలో సగం తింది. పొద్దున్న దాన్ని ఎత్తుకుని తూకమెక్కి నా బరువు తీసేసి చూస్తాను. తగ్గితే ఇక ఆగేది లేదు, డాక్టర్ గారి దగ్గరికే. వెళ్తే విప్పని సెలైన్ సంచులు కూడా పట్టుకెళ్లి, ఇంకో పిల్లికి పనికొస్తాయేమో అడగాలి. వాడిన సూదులు గట్టి డబ్బాలో మూతపెట్టి ఉన్నాయి, అవీ అక్కడే ఇచ్చెయ్యాలి. ఈయన్ని తొందరగా లేపాలి, చుక్కని బుట్టలోకి ఎక్కించడం నా ఒక్కదాని వల్ల కాదు.